గింజ పెట్టిన ఇల్లు

డిగ్రీ రెండో సంవత్సరంలో ఫీల్డ్‌వర్క్ మొదలైన రోజున మా మేడమ్ చాలా విషయాలు చెప్పారు. వాటిలో ఒకటి మాత్రం ఇప్పటికీ ఆవిడ గొంతుతోనే వినిపిస్తుంది. పల్లె బొమ్మను నేల మీద గీయించేటప్పుడు ముగ్గుపిండి, గింజలు ఆ పల్లె వాళ్ళ చేతుల్లోనే ఉండాలి, మీరు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడండి అన్నారు. నేను ఆ మాటను నోట్‌బుక్‌లో రాసుకుని కింద రెండు గీతలు గీశాను. గీతలు గీయడంలో మా క్లాసులో నన్ను మించిన వాళ్ళు లేరు.

నేను చదివింది సోషల్ వర్క్. మాది వెంకటాచలం. నాన్న హైవే పక్కన లారీ టైర్లకు పంక్చర్లు వేస్తాడు. నేను ఈ చదువులో చేరానని తెలిసి మా చర్చిలో పెద్దమ్మలందరూ తలా ఒక మాట అన్నారు. సేవ చేయడానికి కూడా డిగ్రీ కావాలా, ఆదివారం కుర్చీలు సర్దితే చాలదా అని ఒకావిడ నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. నాకు ఒళ్ళు మండటానికి పెద్ద కారణం అక్కరలేదు. కోపం వచ్చినా సంతోషం వచ్చినా ముందు నోరు పనిచేస్తుంది, తర్వాత బుర్ర పనిచేస్తుంది. అమ్మ చిన్నప్పటి నుంచి ఇదే చెప్పేది, నేను ఇదేదో మెచ్చుకోలు అనుకునేదాన్ని.

గురువారం, శుక్రవారం మాకు ఫీల్డ్‌వర్క్. ఇద్దరిద్దరిని ఒక ఊరికి వేశారు. నాతో పాటు దొరవారిసత్రం నుంచి వచ్చిన ఒక రైతు కొడుకు పడ్డాడు. నెమ్మదస్తుడు, అందమైన చేతిరాత. మా ఇద్దరికీ ముత్తుకూరు దాటాక సముద్రం ఒడ్డునున్న ఒక పాళెం వచ్చింది. బస్సు దిగి సరుగుడు తోపు పక్కన ఇసుకలో నడవాలి. వెనక్కి తిరిగితే కరెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు, ముందుకు చూస్తే పడవలు. మగవాళ్ళు వేటకు పోతారు, ఆడవాళ్ళలో సగం మంది రొయ్యలు ఒలిచే షెడ్డుకు పోతారు. షెడ్డు ఆటో తెల్లారేసరికి తోపు దగ్గరికి వచ్చి వాళ్ళను ఎక్కించుకుపోయేది.

మొదటి నెలంతా మాకు ఆ పాళెంలో ఒకటే జవాబు దొరికింది. ఏ గుమ్మం ముందు నిలబడి ఏం అడిగినా, "బాగుండాం మ్మా" అనేవాళ్ళు. నీళ్ళు వస్తున్నాయా అంటే బాగుండాం. పిల్లలు బడికి పోతున్నారా అంటే బాగుండాం. నేను ఆ మాటను వరసగా నా రికార్డులో రాసుకుంటూ పోయాను. నా జోడీ ఒక రోజు పేజీ తిప్పి చూసి, ఈ ఊరికి మనం ఎందుకు వచ్చినట్టు, ఇంత బాగుంటే మనమే ఇక్కడికి కాపురం వచ్చేద్దాం అన్నాడు.

ఆ గుట్టు విప్పింది ఒక అక్క. ముప్పై అయిదేళ్ళుంటాయి. భర్త వేటకు పోతాడు, పదేళ్ళ కూతురు బడికి పోతుంది, ఆమె షెడ్డుకు పోతుంది. వరసలో ఆఖరి ఇల్లు వాళ్ళది. నేను రాసుకునే ప్యాడ్ పట్టుకుని గడపలో నిలబడ్డాను. ఆమె చేపలు కడుగుతూ తలెత్తి చూసింది.

"ప్యాడ్ పట్టుకోనొచ్చినోళ్ళకి మేమంతా ఆ మాటే చెప్తాం" అంది. "తుఫాను వొచ్చినా అదే, చావొచ్చినా అదే. నువ్వు పిల్లవి, ఎండలో తిరగతా ఉండావు. అది సంచిలో పెట్టి కూర్చో. అప్పుడు చెప్తా."

ప్యాడ్‌ను సంచిలో పెట్టి కూర్చున్నాను. ఆ రోజు ఆమె గంటసేపు మాట్లాడింది. షెడ్డులో చలికి వేళ్ళు ఎలా తిమ్మిరెక్కుతాయో, మేస్త్రీ ఎవరిని ఎలా తిడతాడో, కూతురికి లెక్కలంటే ఎంత భయమో, అన్నీ చెప్పింది. నేను గాలిలో తేలుతూ బస్సెక్కాను. ప్రతి గురువారం మిగతా ఇళ్ళన్నీ చూసి చివర్లో ఆ ఇంటికి పోయేదాన్ని. ఎట్టుండావక్కా అని అడిగితే చాలు, మిగతాదంతా ఆమే చెప్పుకునేది. ఆమె నాకు టీ ఇచ్చి, నా చదువును ఎగతాళి చేసేది. "మా కష్టాలు వింటే నీకు మార్కులు వేస్తారా? అయితే ఇంకో రెండు చెప్తా రాసుకో" అనేది.

వానలు పడుతుండగా ఒక రోజు ఆమె తలుపు దగ్గరికి వేసి, బియ్యం డబ్బాలో చేయి పెట్టి మాత్రల అట్ట ఒకటి తీసి చూపించింది. టీబీ మాత్రలు. రెండు నెలలుగా మింగుతోందట. మొగుడికి తెలుసు, ఆశా వర్కర్‌కు తెలుసు, పెద్దాసుపత్రి డాక్టరుకు తెలుసు. ఇప్పుడు ఇంకొకరికి అంటదని డాక్టరు చెప్పాడట. మధ్యలో ఆపకుండా ఆరు నెలలు మింగితే చాలట.

"అంటదని డాక్టరుకు తెలిస్తే చాలదు గదా" అంది. "ఆటోలో ఒకరి మీద ఒకరు కూర్చోని పోతాం. తెలిసిందంటే ఎక్కనీరు. షెడ్డు పోయిందంటే నాకింకేం పని ఉండాది ఇక్కడ? నీకెందుకు చెప్పినానో తెలీదు. ఎవరికో ఒకరికి చెప్పకుంటే ఊపిరాడతా లేదు. ఎవరితో అననని ఒట్టేయ్."

"మేం ఒట్లు పెట్టుకోమక్కా. చర్చి వాళ్ళం. మా ఇంట్లో మాటంటే మాటే."

ఆమె నవ్వింది. "ఒట్టు లేని మాట నిలబడుద్దా మే?"

"నిలబడుద్ది" అన్నాను. నా మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. ఆ వారం రికార్డులో ఆ సంగతి ఒక్క ముక్క కూడా రాయలేదు. నా జోడీకి కూడా చెప్పలేదు. ఒక మనిషి రహస్యాన్ని మోయడం ఇంత తేలికా అనుకున్నాను.

వానలు తగ్గాక పల్లె బొమ్మ గీయించే రోజు వచ్చింది. ఊళ్ళో ఏ ఇల్లు ఎక్కడుంది, ఎవరికి పడవ ఉంది, ఎవరికి ఏ అవసరం ఉంది అన్నది ఊరి వాళ్ళే నేల మీద గీసి చూపించే పద్ధతి అది. దాన్ని బట్టి వైద్య శిబిరం లాంటివి అడగవచ్చు. వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డు కింద గచ్చు మీద మొదలుపెట్టాం. ఆడవాళ్ళు పాతిక మంది దాకా వచ్చి చుట్టూ కూర్చున్నారు. ఆ రోజు రొయ్యల షెడ్డుకు సెలవు కాబట్టి అక్క కూడా వచ్చింది. కూతురిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నన్ను చూసి కళ్ళతో నవ్వింది. మేడమ్ మాత్రం కాలేజీలో మీటింగ్ ఉండి రాలేదు. వచ్చే వారం ఫోటోలు చూస్తానన్నారు.

బొమ్మ అద్భుతంగా వచ్చింది. ఒక అవ్వ ముగ్గుపిండితో వీధులు గీసింది. పడవ ఉన్న ఇంటికి గవ్వ పెట్టారు. ఒంటరి ముసలివాళ్ళున్న ఇంటికి చింతగింజ పెట్టారు. రోజూ మాత్రలు మింగే వాళ్ళున్న ఇంటికి గురివింద గింజ పెట్టమన్నాం. షుగరు, బీపీ అంటూ నవ్వుకుంటూ పెట్టారు. మా ఆయనకి ఉండేది మందు జబ్బు, దానికి ఏ గింజ అని ఒకామె అడిగితే అందరూ పగలబడి నవ్వారు. నా జోడీ ఫోన్‌తో ఫోటోలు తీస్తూ, ఇంక పావుగంటలో బస్సు అని సైగ చేశాడు. సగం ఇళ్ళకు ఇంకా గురివిందలు పెట్టలేదు.

అవ్వ మోకాళ్ళు పట్టేసి గచ్చు మీద చతికిలబడింది. గురివింద గింజలను నా దోసిట్లో పోసింది.

"ఇంద, నువ్వే పెట్టు. మా ఇళ్ళల్లో ఎవురికేముండాదో మాకంటే నీకే బాగా తెలుసు గదా" అంది.

ఆ మాటకు నేను ఉబ్బిపోయాను. చేతులు వెనక్కి పెట్టుకోవడం గుర్తులేదు, నోట్‌బుక్‌లోని రెండు గీతలు గుర్తులేవు. వంగి చకచకా పెట్టుకుంటూ పోయాను. ఈ ఇంట్లో పెద్దాయనకు షుగరు, ఒకటి. ఈ ఇంట్లో అత్తకు బీపీ, ఒకటి. ఈ పాప తల్లికి థైరాయిడ్, ఒకటి. చూస్తున్నవాళ్ళు అబ్బో అంటున్నారు. నాలుగు నెలల్లో ఊరంతా నాకు కంఠతా వచ్చేసిందని నాకే ముచ్చటేసింది. వరస చివరికి వచ్చాను. ఆఖరి ఇంటి మీద ఒక గింజ పెట్టాను.

పెట్టాక తెలిసింది. తల ఎత్తకముందే తెలిసింది.

"దానికేం మాత్రలు?" అంది అవ్వ. మామూలుగానే అడిగింది. "అది రాయి మాదిరి ఉండాది గదా."

అప్పుడు నేను ఏదో పొరపాటున పడిందవ్వా అని గింజ తీసేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. తలనొప్పికి మాత్రలు అన్నా అయిపోయేది. అసలేమీ అనకపోయినా అయిపోయేది. కానీ ముందు పనిచేసేది నా నోరు కదా.

"అయ్యయ్యో, టీబీ గీబీ ఏం కాదవ్వా!" అన్నాను.

టీబీ అని అక్కడ ఎవరూ అనలేదు. ఎవరి మనసులోనూ లేదు. నేనే దాన్ని తెచ్చి అందరి మధ్యలో పడేశాను. తర్వాత ఎవరో వెనకనుంచి, అవునూ, వానలప్పుడు ఎన్నాళ్ళు దగ్గిందో అన్నారు. అక్క పక్కన కూర్చున్న ఇరుగింటావిడ పైటకొంగును ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. పెద్దగా కాదు, చెమట తుడుచుకున్నట్టు. తన పిల్లవాడిని మాత్రం చేయి పట్టి ఇవతలికి లాక్కుంది.

అక్క కూతురిని దించి లేచింది. చీరకు అంటిన ముగ్గుపిండిని దులుపుకుంది. నా వైపు చూడలేదు. తిడుతుందేమో అనుకున్నాను, తిట్టాలని ఎంతో కోరుకున్నాను. పాప చేయి పట్టుకుని ఇసుకలో నడిచి వెళ్ళిపోయింది.

బస్సులో నా జోడీ నాకు కిటికీ పక్క సీటు ఇచ్చాడు. చాలాసేపటి తర్వాత, రికార్డులో ఇది రాయొద్దు అన్నాడు. "బొమ్మ బాగా వచ్చింది. ఆ గింజ సంగతి మేడమ్‌కు ఎట్ట తెలుస్తుంది? ఎందుకు కొని తెచ్చుకోవడం?" అన్నాడు. అతని మీద అరిచాను. నువ్వు బస్సని తొందరపెట్టబట్టే కదా అని కూడా అన్నాను. అది అన్యాయమని నాకు తెలుసు, అతనికీ తెలుసు. లేచి ముత్తుకూరు దాకా సీటు కమ్మీని పట్టుకుని నిలబడ్డాడు.

శుక్రవారం నేను పాళేనికి పోలేదు. జ్వరమని చెప్పాను. జ్వరం లేదు. ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకుంటే, నాన్న మధ్యాహ్నం షాపు నుంచి వచ్చి నుదురు పట్టుకుని చూసి వెళ్ళిపోయాడు. ఆదివారం చర్చిలో అందరూ పాడుతుంటే నేను పాటల పుస్తకం తెరవలేదు. కుర్చీలు సర్దడానికి అందరికంటే ముందే లేచాను. నేను పిరికిదాన్నని నాకు అప్పటిదాకా తెలియదు. నోరున్నవాళ్ళకు ధైర్యం కూడా ఉంటుందని అనుకునేదాన్ని.

సోమవారం నా జోడీ కాలేజీ మెట్ల దగ్గర నాకోసం కాచుకుని ఉన్నాడు. శుక్రవారం తను ఒక్కడే వెళ్ళొచ్చాడు. ఆ పొద్దున షెడ్డు ఆటో అక్క ముందు ఆగలేదట. ఆమె క్యారియర్ పట్టుకుని తోపు దగ్గర నిలబడే ఉందట. ఆదివారం ఆశా వర్కర్ పోతే తలుపు తీయలేదని ఆమె ఇతనికి ఫోన్ చేసి చెప్పిందట. మాత్రల వల్లే కదా ఇదంతా, ఇంక నాకు వద్దు, ఎత్తుకుపో అని లోపలి నుంచే చెప్పిందట.

నేను నేరుగా మేడమ్ గదికి పోయాను. ఒక్క ఊపిరిలో అంతా చెప్పేశాను. ఆవిడ దిద్దుతున్న పేపర్లను పక్కకు నెట్టి విన్నారు. నేను ఏడవడం మొదలుపెట్టాను.

"ఎవరి కోసం ఏడుస్తున్నావు? ఆమె కోసమా, మార్కుల కోసమా?" అని అడిగారు.

"రెండిటి కోసం మేడమ్" అన్నాను. ఆ గదిలో నేను చెప్పిన మంచి మాట అదొక్కటే అనుకుంటాను.

ఆవిడ ముఖం కొంచెం మెత్తబడింది కానీ గొంతు మెత్తబడలేదు. "పని పోవడం ఒక నష్టం. మాత్రలు మధ్యలో ఆపితే ఆ జబ్బు మొండికేస్తుంది. తర్వాత ఈ మాత్రలే పనిచేయకపోవచ్చు. అది ప్రాణం మీదికి వస్తుంది. నాలుగు రోజులు ఇప్పటికే పోయాయి. నీ బాధ తర్వాత చూద్దాం" అన్నారు. జరిగినదంతా రికార్డులో రాయమన్నారు, ఆమె ఎవరో తెలియకుండా రాయమన్నారు. నేను ఏం చేశానో మాత్రం ఒక్క అక్షరం తగ్గకుండా రాయాలి. పరీక్షలప్పుడు బయటి నుంచి వచ్చే ఆయన అది చదువుతాడని కూడా చెప్పారు.

మంగళవారం ఆవిడ, నేను, ఆశా వర్కర్ ఆ ఇంటికి పోయాం. తలుపు వేసి ఉంది. దారిలో మేడమ్ నాకు ఒకటే చెప్పారు, క్షమించమని అడుగు, ఎందుకు చేశావో మాత్రం చెప్పకు. నేను తలుపు ముందు నిలబడి, "అక్కా, తప్పు చేసినాను. నన్ను క్షమించు" అన్నాను. నా నోట్లో ఇంకా చాలా మాటలు ఉన్నాయి. అవ్వ గింజలు పోసిందనీ, బస్సు టైమయిందనీ, చేయి దానంతటదే పోయిందనీ. పళ్ళు బిగబట్టి నిలబడ్డాను. మేడమ్ గడప మీద కూర్చుండిపోయారు. ఎదురింట్లో ఇద్దరు ఆడవాళ్ళు చేట పట్టుకుని బయటికి వచ్చి, చెరగకుండా చూస్తున్నారు.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తలుపు తెరుచుకుంది. అక్క అయిదు రోజుల్లోనే చిక్కినట్టు కనిపించింది, లేక నాకే అలా అనిపించిందో.

"ఇంటికొచ్చి నా చెవిలో చెప్తే ఏం లాభం?" అంది. "పోగొట్టింది అందరి ముందర. చెప్పేది కూడా అందరి ముందరే చెప్పు. గురువారం పొద్దున ఆటో కాడికి రా. వొస్తావా?"

"వస్తానక్కా."

"నేను మంచిదాన్నని చెప్పబాకు. పాపం అనబాకు. జరిగింది జరిగినట్టు చెప్పు. అంతే."

మేడమ్ అప్పుడు నోరు విప్పి, డాక్టరుతో ఒక కాగితం రాయించమంటావామ్మా అని అడిగారు. నీకు ఇష్టమైతేనే అన్నారు. అక్క సరేనంది. ఆశా వర్కర్ మాత్రల అట్టను గడప మీద పెట్టింది. అక్క దాన్ని చూసింది, తీసుకోలేదు. ఆటో ఎక్కనిస్తే మింగుతా, లేదంటే మీరే మింగండి అని తలుపు వేసేసింది.

బుధవారం డాక్టరుతో రాయించిన కాగితాన్ని ఆశా వర్కర్ తన దగ్గర పెట్టుకుంది. గురువారం తెల్లారకముందే నాన్న నన్ను బండి మీద తీసుకుపోయాడు. ముందు రోజు ఆయనకు అంతా చెప్పాను. తిట్టలేదు. ముత్తుకూరు రోడ్డు మీద లారీల లైట్లు కళ్ళలో పడుతుంటే, నేను ఆయన వీపు వెనక తలదాచుకుని, చెప్పాల్సిన మాటలను వల్లించుకుంటూ పోయాను. తోపు దగ్గర దిగేసరికి ఒక్క మాటా గుర్తులేదు.

ఆటోలో అప్పటికే పది మంది ఉన్నారు. అవ్వ కూడా చూడడానికి వచ్చింది. అక్క క్యారియర్ పట్టుకుని రోడ్డుకు ఇవతల నిలబడింది. ఆశా వర్కర్ కాగితం, మాత్రల అట్ట పట్టుకుంది. మేడమ్ దూరంగా, మా నాన్న పక్కన నిలబడ్డారు. డ్రైవర్ హారన్ కొట్టి, ఆలస్యమైతే షెడ్డు గేటు మూసేస్తారు తల్లీ అన్నాడు.

ఆటో ముందుకు పోయి నిలబడ్డాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఈ అక్క నన్ను నమ్మి ఒక సంగతి చెప్పింది. ఎవరికీ చెప్పనని మాటిచ్చినాను. మీ అందరి ముందర ఆ మాట తప్పినాను. టీబీకి మాత్రలు మింగతా ఉండాది, అది నిజం. అంటదని డాక్టరు చెప్పినాక కూడా మీరు భయపడతారని దాచిపెట్టుకునింది. నేను బయటపెట్టినాను. తప్పు నాది." అంతే. పాపం అనలేదు. మంచిది అనలేదు.

ఆటోలో చివర కూర్చున్న ఇరుగింటావిడ, ఆ రోజు పైట ముక్కుకు పెట్టుకున్నావిడ, "మాకు పిల్లకాయలుండారు గదమ్మా, మేం ఏమని నమ్మేది?" అంది. ఆమె మీద నాకు కోపం రావాలి. రాలేదు. ఆమె భయం కూడా నిజమే. ఆశా వర్కర్ కాగితం చదివి వినిపించింది. మందులు మొదలైన రెండు వారాల తర్వాత నుంచి నేనూ పోయి ఆమె ఇంట్లో కూర్చునే వస్తున్నా, నాకు పిల్లలు లేరా అని అడిగింది. డ్రైవర్ మళ్ళీ హారన్ కొట్టాడు.

అక్క రోడ్డు దాటి ఆటో ముందుకు వచ్చింది. ఆశా వర్కర్ వైపు చేయి చాపింది. అట్ట తీసుకుని, ఆ రోజు మాత్రలను ఒక్కొక్కటిగా అరచేతిలోకి ఒలిచింది. చేయి ఎత్తి ఆటోలో వాళ్ళందరికీ చూపించింది. క్యారియర్ సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, తల వెనక్కి వంచి, అన్నీ మింగేసింది.

"రోజూ ఈడనే మింగుతా. మీ కళ్ళెదురుగా. చూసుకోండి" అంది.

చివరికి ఇరుగింటావిడే కదిలింది.

"ముందర కూర్చో. డ్రైవర్ పక్కన" అంది. "గాలి తగులుద్ది."

పూర్తిగా ఒప్పుకోవడం కాదది. కానీ ఆటో ఆమె లేకుండా పోలేదు. అక్క డ్రైవర్ పక్కన సగం సీటు మీద, ఒక కాలు బయటపెట్టి కూర్చుంది. ఆటో కదిలింది. నా వైపు చూస్తుందేమోనని కనుచూపు మేర నిలబడ్డాను. చూడలేదు. నాన్న వచ్చి, టీ తాగుదామా అన్నాడు.

ఆ తర్వాత మిగిలిన నెలలన్నీ ఆమె చెప్పినట్టే చేసింది. ప్రతి పొద్దునా తోపు దగ్గర, అందరి ముందూ మాత్రలు మింగింది. ఆశా వర్కర్ చెప్పేది, ఇంత క్రమంగా మింగినవాళ్ళు తన లిస్టులో ఇంకెవరూ లేరని. సంక్రాంతి దాటాక ఒక వానపొద్దున ఎవరో ఆమెను లోపలికి జరిగి కూర్చోమన్నారట. ఇరుగింటావిడే అయి ఉంటుందని నా నమ్మకం. నా రికార్డును చదివిన బయటి పరీక్షకుడు తల ఎత్తి నన్ను చూసి, ఇది నువ్వే రాశావా అని మాత్రం అడిగాడు. నాకు ఎన్ని మార్కులు వచ్చాయో ఇప్పుడు గుర్తులేదు.

ఫీల్డ్‌వర్క్ చివరి రోజు అక్క మా ఇద్దరినీ ఇంటికి పిలిచింది. మాత్రలు అయిపోయాయి, పరీక్షల్లో జబ్బు పోయిందని తేలింది. చేపల పులుసు వండింది. నా పళ్ళెంలో పెద్ద ముక్క వేసింది. మీ అమ్మ బాగుందా, మీ నాయన మంచోడు అంది. నా జోడీని, పెళ్ళెప్పుడు చేసుకుంటావని ఏడిపించింది. పాప తన లెక్కల నోట్సును తెచ్చి నాకు చూపించింది. కోపం ఎక్కడా లేదు. కోపం ఉంటే దానితో ఏదో ఒక పేచీ పెట్టుకునేదాన్ని.

నా జోడీ చేయి కడుక్కోవడానికి బయటికి పోయాడు. గదిలో మేమిద్దరమే మిగిలాం. బియ్యం డబ్బా ఎప్పటిలాగే మూలన ఉంది. నాకు అడగాలనిపించింది, మొదటి రోజుల్లో అడిగినట్టు. అప్పుడు గంటసేపు చెప్పేది కదా.

"ఎట్టుండావక్కా?" అన్నాను.

ఆమె పళ్ళేలను ఒకదాని మీద ఒకటి పెడుతూ నా ముఖంలోకి చూసి నవ్వింది. మంచి నవ్వే.

"బాగుండాం మ్మా" అంది.

నేను నా చేతుల వైపు చూసుకున్నాను. ప్యాడ్‌ను నేను ఆ రోజు తీసుకుపోనే లేదు.